విజయనగరంలో జాజ్ నివాళి కచేరీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఆగస్టు నుంచి జనవరి దాకా, అక్టోబరు ఒక్కటి వదిలేసి, నెలకో శనివారం సాయంత్రం ఊళ్ళోని ఆర్ట్ మ్యూజియం పెద్ద హాల్లో జాజ్ కచేరీలు పెడుతున్నాం. ఒక్కో సాయంత్రం ఒక్కో మహా కళాకారుడికి నివాళి, నవంబరులో మాత్రం ఇద్దరికి. పోస్టర్లు అంటించిన దగ్గర్నుంచి ఫోన్లలోనూ, టీ కొట్ల దగ్గరా, సంగీత కళాశాల వరండాలోనూ అడుగుతున్న ప్రశ్నలన్నీ పోగేసి ఇక్కడ జవాబులు రాశాం. కొన్నిటికి ఒక్క ముక్కలో చెబితే చాలు. కొన్నిటికి కాస్త ఓపిక పట్టాలి.

జాజ్ అంటే అసలు ఏమిటండీ?

అమెరికా దక్షిణాన న్యూ ఆర్లిన్స్ అనే రేవు పట్నం ఉంది. ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడి నల్లజాతి వాళ్ళ చేతుల్లో పుట్టిన సంగీతం జాజ్. అమెరికాలో బానిసత్వం చట్టప్రకారం రద్దయింది 1865లో. ఆ బానిసల పిల్లలు, మనవలు పొలాల్లో పాడుకున్న పాటలు, చర్చి పాటలు, బ్లూస్ అనే బాధల పాటలు, వీధుల్లో ఊరేగింపులకూ శవయాత్రలకూ వాయించే బ్యాండు మేళం, ఇవన్నీ కలిసి ఇది తయారైంది. ట్రంపెట్, శాక్సఫోన్, పియానో, డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద తీగ వాద్యం, బేస్ అన్నా అదే), డ్రమ్స్ ముఖ్యమైన వాద్యాలు.

ముందు అందరూ కలిసి ఒక ట్యూను వాయిస్తారు. తర్వాత ఒక్కొక్కరు వంతులవారీగా ఆ ట్యూను మీద అప్పటికప్పుడు తమకు తోచింది అల్లుకుంటూ పోతారు. దాన్ని సోలో అంటారు. చివరికి మళ్ళీ అందరూ కలిసి ట్యూను వాయించి ముగిస్తారు. కచేరీ అంతా దాదాపు ఇదే నడక.

మాకు ఇంగ్లీషు సంగీతం తెలీదు. వచ్చి ఏం చేస్తాం?

ఎక్కువమంది అడిగింది ఇదే. మేం మనసులో పెట్టుకుని ఈ కచేరీలు మొదలుపెట్టిందీ ఇదే.

మీరు విజయనగరం వాళ్ళు. 1919లో ఇక్కడ మహారాజా వారి సంగీత కళాశాల పెట్టినప్పుడు ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి అధ్యక్షులు. ఆ ఏడాదే ద్వారం వెంకటస్వామి నాయుడు గారు వయొలిన్ అధ్యాపకులుగా చేరారు. 1936లో ఆయనే అధ్యక్షులయ్యారు. ఘంటసాల ఈ ఊళ్ళో మధుకరం చేసుకుంటూ, అంటే ఇంటింటా అన్నం అడిగి తెచ్చుకుంటూ, సంగీతం నేర్చుకున్నారు. పి. సుశీల ఇక్కడే పుట్టారు. ఇంట్లో ఎవరూ సంగీతం నేర్చుకోకపోయినా, హరికథలూ కచేరీలూ చెవిన పడుతూ పెరిగిన ఊరిది. రాగం ఆలాపన చేస్తున్నప్పుడు విద్వాంసుడు తర్వాత ఎటు వెళతాడో అని ఊపిరి బిగబట్టి వినడం, స్వరకల్పన ఎత్తుకుని సరిగ్గా సమం మీదికి వచ్చి వాలినప్పుడు ‘ఆహా’ అనడం మనకు ఎవరూ ప్రత్యేకంగా నేర్పనక్కర్లేదు. జాజ్ వినడానికి కావలసిన చెవి అదే. మనోధర్మ సంగీతం, అంటే అప్పటికప్పుడు అల్లుకుంటూ పాడేది, వినడం వచ్చినవాళ్ళకు జాజ్‌లో సగం దారి ముందే తెలుసు.

తేడాలూ ఉన్నాయి. స్వరాన్ని ఊపి పలికించే గమకాలు మన పద్ధతిలో ఉండవు. శ్రుతి, అంటే పాటకు ఆధారమైన స్వరం, ఒక్కచోట నిలవదు, పాట మధ్యలో మారుతుంది. పియానో ఒకేసారి నాలుగైదు స్వరాలు కలిపి పలికిస్తుంది. మొదట్లో అది గందరగోళంగా అనిపిస్తే కంగారు పడకండి. బేస్ వాయించే మనిషి వేళ్ళ మీద దృష్టి పెట్టండి. నాలుగు దెబ్బల లెక్క అక్కడ ఎప్పుడూ తప్పదు.

నివాళి అన్నారు కదా, అచ్చం ఆ కళాకారుడి రికార్డులో ఉన్నట్టే వాయిస్తారా?

వాయించరు. అది ఎందుకో కొంచెం విడమరిచి చెప్పాలి.

మన ఊళ్ళలో ఘంటసాల జయంతికో వర్ధంతికో పాటల కచేరీ పెడితే, ‘కళ్ళు మూసుకుంటే ఘంటసాలే పాడుతున్నట్టుంది’ అనడం గాయకుడికి పెద్ద మెప్పు. సినిమా పాటకు అది న్యాయమే. ఆ పాట రికార్డులో ఎలా ఉందో అలాగే మన గుండెల్లో నిలిచిపోయింది. కాస్త మార్చినా మనసు ఒప్పుకోదు. జాజ్‌లో ఆ లెక్క చెల్లదు. శాక్సఫోన్ కళాకారుడు జాన్ కోల్ట్రేన్ సోలోను స్వరం పొల్లుపోకుండా ఒప్పజెప్పితే విద్యార్థిగా మంచి సాధన చేశాడంటారు. కచేరీలో మాత్రం ‘ఇది ఆయన చెప్పిన మాట, నీ మాట ఏదీ?’ అని అడుగుతారు.

దీనికి దగ్గరిది సినిమా పాటల కచేరీ కాదు, త్యాగరాజ కృతి. కృతి త్యాగరాజుది. అందులో నెరవు, స్వరకల్పన పాడేవాళ్ళ సొంతం. వందమంది పాడినా కృతి త్యాగరాజుదే, మనోధర్మం మాత్రం ఎవరిది వాళ్ళదే. మన కళాకారులు ఆర్మ్‌స్ట్రాంగ్ పాటో మైల్స్ డేవిస్ పాటో ఎత్తుకుని, సోలోలో తమ దారిన తాము వెళతారు. అలా వెళ్ళమని దారి చూపించింది ఆ మహానుభావులే కాబట్టి, ఆ దారి పట్టడమే వాళ్ళకు నిజమైన దండం అని మా నమ్మకం.

ఏ నెల ఎవరికి?

ఆగస్టు: లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్. 1901 ఆగస్టు 4న న్యూ ఆర్లిన్స్‌లో కటిక పేదరికంలో పుట్టాడు. ఆటస్థలం అనదగ్గది వీధే. 1928 జూన్ 28న రికార్డయిన ‘వెస్ట్ ఎండ్ బ్లూస్’ మొదట్లో తోడు వాద్యం ఏదీ లేకుండా ట్రంపెట్ ఒక్కటే పలుకుతుంది. పదిహేను సెకన్లు కూడా ఉండదు. పల్లవికి ముందు చిన్న ఆలాపన అనుకోండి. అంతకుముందు బ్యాండులో అందరూ కలిసి అల్లుకుపోయేవాళ్ళు. ఒక్క మనిషి ముందుకొచ్చి సభనంతా తన వెంట తీసుకుపోవచ్చని గట్టిగా చూపించినవాడు ఆర్మ్‌స్ట్రాంగ్. మన ట్రంపెట్ కళాకారుడు ఆ పాట తప్పకుండా వాయిస్తాడు, మొదటి ఆలాపన మాత్రం తన సొంతం చేస్తాడు.

సెప్టెంబరు: జాన్ కోల్ట్రేన్. 1926 సెప్టెంబరు 23న పుట్టాడు, 1967లో నలభయ్యేళ్ళకే పోయాడు. ‘ఎ లవ్ సుప్రీమ్’ ఆయన భగవంతుడికి అర్పించుకున్న కృతి. 1964 డిసెంబరు 9న రికార్డు చేశారు. నాలుగు భాగాలు. మొదటి భాగంలో బేస్ మీద నాలుగే నాలుగు స్వరాల పలుకు ఒకటి పదే పదే వస్తుంది. కోల్ట్రేన్ దాన్నే శాక్సఫోన్ మీద పన్నెండు శ్రుతుల్లోకీ తిప్పి తిప్పి వాయించి, చివరికి శాక్సఫోన్ పక్కన పెట్టి నోటితో ‘ఎ లవ్ సుప్రీమ్’ అనే మాటను అదే పలుకులో జపిస్తాడు. నాలుగో భాగం ఇంకా ఆశ్చర్యం. తను రాసుకున్న ప్రార్థనా గీతాన్ని ఒక్కో మాటా శాక్సఫోన్‌లో పలికించాడు. గొంతు విప్పలేదు, వాద్యమే మాట్లాడింది. వయొలిన్ మీద సాహిత్యం వినిపించాలని పట్టుపట్టే మన సంప్రదాయంలో పెరిగినవాళ్ళకు ఈ భాగం వెంటనే పట్టుబడుతుంది. ఆ సాయంత్రం ప్రార్థన తెలుగు తాత్పర్యం ముందే చదివి వినిపిస్తాం.

అక్టోబరు: కచేరీ లేదు. దసరా తర్వాతి మంగళవారం పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం. ఊరంతా అక్కడే ఉంటుంది, మేమూ అక్కడే ఉంటాం.

నవంబరు: బిల్లీ హాలిడే, ఎల్లా ఫిట్జెరాల్డ్. ఇద్దరూ గాయనులు. ఇద్దరి దారులూ వేరు. బిల్లీది చిన్న గొంతు. తాళం కంటే ఒక క్షణం ఆగి మాట పలికేది. ఆ ఆగడంలోనే బాధంతా ఉంటుంది. 1939లో ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ పాడింది. తెల్లవాళ్ళ గుంపులు నల్లవాళ్ళను చంపి చెట్లకు వేలాడదీసిన దారుణాల మీద పాట అది. న్యూయార్క్‌లో కేఫ్ సొసైటీ అనే క్లబ్బులో ఆవిడ ఈ పాటను అన్నిటికంటే ఆఖర్న పాడేది. ముందు వడ్డనలు ఆపేసేవాళ్ళు, ముఖం మీద ఒక్క దీపం తప్ప అన్నీ ఆర్పేసేవాళ్ళు. పాట అయ్యాక మళ్ళీ పాడమంటే లేదు. మేమూ అదే పద్ధతి పాటిస్తాం.

ఎల్లాది దీనికి పూర్తిగా వేరే లోకం. 1960 ఫిబ్రవరిలో బెర్లిన్ కచేరీలో ‘మాక్ ద నైఫ్’ పాడుతూ మధ్యలో సాహిత్యం మర్చిపోయింది. ఆగలేదు. అక్కడికక్కడే మాటలు కల్పించి, ఆర్మ్‌స్ట్రాంగ్ గొంతును అనుకరించి, నవ్వుతూ పాట ముగించింది. ఆ రికార్డింగుకే అమెరికా సంగీత అవార్డు గ్రామీ వచ్చింది. మాటల్లేకుండా ‘షూబీ డూబీ’ అంటూ గొంతుతో వాద్యంలా పాడటంలో ఆవిడకు సాటి లేదు. మన స్వరకల్పన పాడేవాళ్ళు ఆ సాయంత్రం వదులుకోవద్దు.

డిసెంబరు: డ్యూక్ ఎల్లింగ్టన్. పియానో వాయించేవాడు, కానీ అసలు వాద్యం ఆయన బ్యాండే. ఏ మనిషి ఎలా ఊదుతాడో తెలుసుకుని, ఆ మనిషి కోసమే స్వరం రాసేవాడు.

జనవరి, సంక్రాంతి వెళ్ళాక: మైల్స్ డేవిస్. ట్రంపెట్ కళాకారుడు. ఈయనా కోల్ట్రేన్‌లాగే 1926లో పుట్టినవాడే. ‘కైండ్ ఆఫ్ బ్లూ’ 1959 మార్చి, ఏప్రిల్ నెలల్లో రికార్డయింది. కోల్ట్రేన్ కూడా అందులో ఉన్నాడు. మొదటిసారి జాజ్ వినేవాళ్ళకు ఈ ఆల్బమ్ అన్నిటికంటే సులువు. అయినా దీన్నే చివర పెట్టాం, ఎందుకంటే మిగతావి విన్న చెవికి ఇందులో మైల్స్ ఏమేం వదిలేశాడో తెలుస్తుంది. తక్కువ స్వరాలు, ఎక్కువ ఖాళీ.

మాకు తెలిసిన రాగంలాంటిది అందులో ఏమైనా దొరుకుతుందా?

దొరుకుతుంది. ‘కైండ్ ఆఫ్ బ్లూ’లో మొదటి పాట ‘సో వాట్’. ఇందులో వాడిన స్వరాలు మన ఖరహరప్రియ స్వరాలే. గమకాలు లేవు కాబట్టి దాన్ని ఖరహరప్రియ అనలేం గానీ, చెవి గుర్తుపడుతుంది. ఇంట్లో ఒకసారి ఇలా చేసి చూడండి. ట్యూను మొదలైనప్పుడు ఆది తాళం వేయడం మొదలుపెట్టండి, బేస్ కొట్టే ఒక్కో దెబ్బకూ ఒక్కో అక్షరం, ఎనిమిది అక్షరాలకు ఒక ఆవర్తనం. ఎనిమిది ఆవర్తనాలు శ్రుతి రెండులో నడుస్తుంది. తొమ్మిదో ఆవర్తనం ఎత్తుకోగానే మొత్తం బృందం ఒక్కసారిగా రెండున్నర శ్రుతికి లేస్తుంది, స్వరాల వరస మాత్రం అదే. నాలుగు ఆవర్తనాలు అక్కడ ఉండి, మళ్ళీ రెండుకు దిగి నాలుగు ఆవర్తనాలు. మొత్తం పదహారు. ట్యూను అయ్యాక సోలోలు కూడా ఇదే చట్రంలో తిరుగుతాయి. ఆ అర శ్రుతి లేవడం, దిగడం తాళం తప్పకుండా పట్టుకోగలిగారంటే మీరు జాజ్ వింటున్నట్టే.

శాక్సఫోన్ అంటే పెళ్ళి బ్యాండులో వాయించేదే కదా?

అదే. బెల్జియం వాడైన అడాల్ఫ్ సాక్స్ తయారుచేసి 1846లో పేటెంటు తీసుకున్నాడు. మిలిటరీ బ్యాండ్ల కోసం చేసిన వాద్యం కోల్ట్రేన్ చేతుల్లో ప్రార్థన అయింది, మన దేశంలో కద్రి గోపాల్‌నాథ్ గారి చేతుల్లో కర్ణాటక సంగీతం అయింది. పెళ్ళి బ్యాండులో ఊదే కళాకారులు మన విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల్లో చాలామంది ఉన్నారు. వాళ్ళకు ముందు వరసలో కుర్చీలు ఉంచుతున్నాం. దయచేసి వాళ్ళకు ఈ కబురు చెప్పండి.

మన దేశానికీ జాజ్‌కీ ఏమైనా సంబంధం ఉందా?

చాలా ఉంది. 1930ల్లోనే బొంబాయి తాజ్ హోటల్లో అమెరికా నల్లజాతి కళాకారులు వాయించారు. వాళ్ళలో పియానో వాయించే టెడ్డీ వెదర్‌ఫర్డ్ ఇక్కడే ఉండిపోయి 1945లో కలకత్తాలో కన్నుమూశాడు. వాళ్ళ దగ్గర మెళకువలు పట్టిన గోవా కళాకారులు తర్వాత హిందీ సినిమా ఆర్కెస్ట్రాల్లో చేరారు. పాత క్లబ్ పాటల్లో మీరు విన్న ట్రంపెట్ వాళ్ళదే. 1958లో అమెరికా పియానో కళాకారుడు డేవ్ బ్రూబెక్, 1963లో డ్యూక్ ఎల్లింగ్టన్ మన దేశంలో కచేరీలు చేశారు. కోల్ట్రేన్‌కు రవిశంకర్ అంటే ఎంత గౌరవమంటే, 1965లో పుట్టిన కొడుక్కి రవి అని పేరు పెట్టుకున్నాడు. ఆ రవి కోల్ట్రేన్ ఇప్పుడు పేరున్న శాక్సఫోన్ కళాకారుడు.

ఆనంద గజపతి ఆడిటోరియం ఉండగా మ్యూజియంలో ఎందుకు?

జాజ్‌కు మనిషి దగ్గరగా ఉండాలి. బేస్ తీగ మీద వేలు జారిన చప్పుడు వినపడాలి, డ్రమ్స్ వాయించే ఆవిడ పియానో వైపు చూసి నవ్వడం కనపడాలి. పెద్ద ఆడిటోరియంలో అది కుదరదు. పైగా జాజ్‌కూ బొమ్మలకూ పాత చుట్టరికం ఉంది. చిత్రకారుడు మోండ్రియన్ 1942–43లో న్యూయార్క్‌లో వేసిన ‘బ్రాడ్‌వే బూగీ వూగీ’లో గళ్ళన్నీ పియానో లయలాగే గంతులేస్తాయి. ఇంకో చిత్రకారుడు మతీస్ 1947లో కాగితం కత్తిరింపులతో చేసిన పుస్తకానికి ‘జాజ్’ అనే పేరు పెట్టాడు. అమెరికాలో వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీ శిల్పాల తోటలోనూ, లాస్ ఏంజిలిస్ కౌంటీ మ్యూజియంలోనూ జాజ్ సాయంత్రాలు జరుగుతుంటాయి.

మన హాల్లో గోడ మీద సవర చిత్రాలు, ఓ పక్క బొబ్బిలి వీణ, అద్దాల అరల్లో బుడితి ఇత్తడి పాత్రలు ఉన్నాయి. సౌండు సరిచూసుకుంటున్నప్పుడు బేస్ ఒక స్వరం దగ్గరికి రాగానే ఎక్కడో సన్నగా ‘ఝుం’ అని మోగింది. వెతికితే అది బుడితి బిందె. ఆ స్వరమూ బిందె సహజంగా పలికే స్వరమూ ఒకటే కావడంతో ముట్టుకోకుండానే మోగింది. పాత్రల కింద ఇప్పుడు మందపాటి గుడ్డ వేస్తున్నారు. డ్రమ్స్ కింద తివాచీ వేసి, గోడకు దూరంగా పెడుతున్నాం. పటాలకు అదురు తగలకూడదు.

సౌండు మరీ ఎక్కువగా ఉంటుందా?

ఉండదు. డీజే బాక్సులు లేవు. బేస్‌కు చిన్న ఆంప్లిఫయర్, పాడేవాళ్ళకు ఒక మైకు, అంతే. హాలు గోడలు గట్టివి కాబట్టి సౌండు పెంచితే అంతా కలిసిపోయి గోల అవుతుంది.

చప్పట్లు ఎప్పుడు కొట్టాలి?

ఒక్కో సోలో అయిపోగానే కొట్టొచ్చు, పాట నడుస్తున్నా సరే. ‘భళా’ అన్నా, ‘శభాష్’ అన్నా కళాకారులు సంతోషిస్తారు. తాళం వేసేవాళ్ళు తొడ మీద మెల్లగా వేసుకోండి. డ్రమ్స్, శాక్సఫోన్ చెరో నాలుగు బార్లు (నాలుగేసి దెబ్బల లెక్కలు) మార్చి మార్చి వాయించే ఘట్టం ఒకటి వస్తుంది. తని ఆవర్తనంలో మృదంగం, ఘటం ఒకరికొకరు జవాబు చెప్పుకున్నట్టే ఉంటుంది. అక్కడ ఎవరూ చేతులు కట్టుకుని కూర్చోలేరు.

చీటీ మీద పాట రాసి పంపొచ్చా?

వద్దండీ. వరస ముందే అనుకుని వస్తారు.

ముఖ్య అతిథులు, శాలువాలు, ప్రసంగాలు ఉంటాయా?

ఉండవు. కళాకారులను గౌరవించుకోవడం మన పద్ధతే. కానీ కచేరీ మధ్యలో ఆపి సన్మానం చేస్తే వాద్యాలు చల్లబడతాయి, శ్రుతి జారుతుంది, వినేవాళ్ళ మనసు చెదిరిపోతుంది. చివర్లో అందరం లేచి నిలబడి చప్పట్లు కొడదాం. వాళ్ళకు ఇవ్వాల్సిన పారితోషికం చేతిలో పెట్టి పంపుతున్నాం. మా దృష్టిలో మొదటి సన్మానం అది.

టికెట్ ఎంత?

టికెట్ లేదు. కుర్చీలు తక్కువ కాబట్టి మ్యూజియం కౌంటర్లో ముందుగా పేరు రాయించుకోవాలి. ఖర్చంతా చందాలతోనే నడుస్తోంది. తలుపు దగ్గర హుండీ ఉంటుంది, వేయగలిగింది వేయండి. వేయలేనివాళ్ళు మొహమాటపడకుండా రండి.

చిన్నపిల్లల్ని, పెద్దవాళ్ళను తీసుకురావచ్చా?

తప్పకుండా. పసిపిల్లలు ఏడిస్తే పక్కనున్న వరండాలోకి తీసుకెళ్ళండి, అక్కడికీ వినిపిస్తుంది. మెట్లు ఎక్కలేనివాళ్ళకు వెనక గేటు నుంచి ర్యాంపు ఉంది, పేరు రాయించేటప్పుడే చెప్పండి. నవంబరు కచేరీలో ‘స్ట్రేంజ్ ఫ్రూట్’ ఉంది కాబట్టి చిన్నపిల్లలకు ఏం చెప్పాలో తల్లిదండ్రులు ముందే ఆలోచించుకుంటే మంచిది.

ఫోటోలు తీసుకోవచ్చా? లోపల టీ తాగొచ్చా?

ఫ్లాష్ లేకుండా రెండు ఫోటోలు తీసుకుని ఫోను జేబులో పెట్టేయండి. కాగితం మీదా బట్ట మీదా వేసిన రంగులు వెలుతురుకు వెలిసిపోతాయి, అందుకే హాల్లో దీపాలు కూడా మసకగానే ఉంటాయి. టీ, బజ్జీలు ఆరుబయట. హాల్లోకి మంచినీళ్ళ సీసా కూడా తేవద్దు.

వానొస్తే? తుఫానొస్తే?

వానకు ఆపం. తుఫాను హెచ్చరిక ఉంటే వాయిదా వేస్తాం. హుద్‌హుద్, తిత్లీ చూసిన జిల్లాల వాళ్ళం, ఈ విషయంలో సాహసాలు వద్దు. వాయిదా పడితే పేరు రాయించుకున్న వాళ్ళందరికీ ఫోన్ చేస్తాం.

శ్రీకాకుళం నుంచి వస్తే రాత్రికి తిరిగి వెళ్ళగలమా?

వెళ్ళొచ్చు. సాయంత్రం ఆరింటికి మొదలుపెట్టి ఎనిమిదికల్లా ముగిస్తాం, బస్సు కోసమే ఈ టైము పెట్టాం. మ్యూజియం నుంచి ఆర్టీసీ కాంప్లెక్స్‌కు ఆటోలు దొరుకుతాయి. రైల్లో వెళ్ళేవాళ్ళు శ్రీకాకుళం రోడ్ స్టేషన్ ఆమదాలవలసలో ఉంటుందని గుర్తుంచుకోండి, అక్కడి నుంచి ఊళ్ళోకి మళ్ళీ ఆటోయో బస్సో ఎక్కాలి. బొబ్బిలి, పార్వతీపురం వైపు వాళ్ళు ఆఖరి బస్సు టైము ముందే కనుక్కోండి. ఆ బస్సు అందదనిపిస్తే సోలో మధ్యలో లేచి వెళ్ళినా ఎవరూ ఏమీ అనుకోరు.

మా అమ్మాయి వయొలిన్ నేర్చుకుంటోంది. కళాకారులతో కలిసి వాయించే వీలుందా?

ఉంది. ప్రతి కచేరీ మర్నాడు, ఆదివారం ఉదయం పదింటికి అదే హాల్లో కళాకారులు విద్యార్థులతో కూర్చుంటారు. వయొలిన్, వీణ, మృదంగం, క్లారినెట్, ఏది నేర్చుకుంటున్నా తీసుకురండి. జనవరి ఆదివారం ‘సో వాట్’ అందరం కలిసి వాయించాలని అనుకుంటున్నాం, కాబట్టి ఆ రోజుకు వయొలిన్ శ్రుతి రెండుకు పెట్టుకుని రమ్మనండి. ఖరహరప్రియ స్వరాలు మూడు కాలాల్లో సాధన చేసి ఉంటే చాలు. రెండున్నరకు లేచేటప్పుడు వేళ్ళు ఎక్కడ పెట్టాలో అక్కడే చూపిస్తారు. విద్యార్థుల పేర్లు కూడా మ్యూజియం కౌంటర్లోనే రాయించాలి, పక్కన వాద్యం పేరు మర్చిపోకుండా రాయండి.